హాంకాంగ్: ఎత్తూ వేళా చూసుకుని తిరగాల్సిన ఊరు

అందరికీ నమస్కారం. నాలుగైదు రోజులు చేతిలో ఉండి, హాంకాంగ్‌ని సొంతంగా నడిచి, తిని, చూడాలనుకునే వాళ్ల కోసం ఈ ప్రసంగం. ప్యాకేజీ టూరులో వెళ్లేవాళ్లకి దారి చెప్పేవాళ్లు వేరే ఉంటారు కాబట్టి ఆ జోలికి వెళ్లను.

ముందు ఊరి స్వరూపం మనసులో పెట్టుకోండి. విస్తీర్ణం సుమారు 1,100 చదరపు కిలోమీటర్లు, జనం దాదాపు 75 లక్షలు. అందులో ఇళ్లూ రోడ్లూ ఆఫీసులూ కట్టిన నేల నాలుగో వంతే. దాదాపు 40 శాతం చట్టం కాపాడుతున్న కంట్రీ పార్కులు, అంటే కొండలు, అడవులు, జలాశయాలు. చదును నేల తక్కువ, కొంత సముద్రాన్ని పూడ్చి సంపాదించినది. అందుకే జనమంతా ఒడ్డు వెంబడి సన్నటి పట్టీలో పేర్చినట్టు ఉంటారు. దీనివల్ల మనకు లాభమే. మెట్రో ఎక్కిన అరగంటలో అడవి దారిలో ఉండొచ్చు. కష్టం కూడా ఉంది. ఫోన్‌లో మ్యాపు 300 మీటర్లే అని చూపిస్తుంది, ఆ 300 మీటర్లూ మెట్లే అయ్యుండొచ్చు. కాబట్టి ఈ ఊళ్లో ప్లాన్ వేసేటప్పుడు రెండు ప్రశ్నలు వేసుకోవాలి: ఎంత ఎత్తు ఎక్కాలి? అక్కడ ఏ వేళకు ఏది తెరిచి ఉంటుంది? దూరం సంగతి ఆ తర్వాత.

బయల్దేరే ముందు పని ఒకటుంది. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లకి 14 రోజుల వరకు వీసా అక్కర్లేదు. కానీ 2017 జనవరి నుంచి ప్రీ-అరైవల్ రిజిస్ట్రేషన్, అంటే వెళ్లకముందే పేరు నమోదు, తప్పనిసరి. హాంకాంగ్ ఇమిగ్రేషన్ శాఖ సొంత వెబ్‌సైట్‌లో చేసుకోవాలి, పూర్తిగా ఉచితం. డబ్బులు అడిగిన సైటు ఏదైనా సరే, మధ్యవర్తిదే. ఆమోదం వస్తే ఆ స్లిప్పును ఎ4 తెల్ల కాగితం మీద ప్రింట్ తీసి సంతకం పెట్టి పాస్‌పోర్టుతో ఉంచుకోండి. ఆరు నెలల్లో ఎన్నిసార్లయినా పనికొస్తుంది. ఇందులో మనవాళ్లకి చిక్కొచ్చేది పేరు దగ్గర. ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్న పాస్‌పోర్టులు, మూడు పదాల పేర్లు మనకు మామూలే. ఆధార్‌లో ఎలా ఉందో, టికెట్ మీద ఎలా ఉందో చూడకండి. పాస్‌పోర్టులో ఏ గడిలో ఏముందో అదే, అలాగే ఎక్కించండి. తేడా ఉంటే చెక్-ఇన్ కౌంటర్ దగ్గరే ఆపేస్తారు.

దిగగానే ఆక్టోపస్ కార్డు తీసుకోండి, డబ్బు నింపుకుని వాడే కార్డు అది, మనిషికొకటి. ఒకే కార్డుతో ఇద్దరు మెట్రో గేటు దాటడం కుదరదు. మామూలు కార్డులో 50 హాంకాంగ్ డాలర్లు డిపాజిట్, తిరిగి ఇచ్చేటప్పుడు వస్తుంది. హాంకాంగ్ డాలరంటే ఈమధ్య పదకొండు రూపాయలు, అటూ ఇటూగా. మెట్రో, బస్సు, ట్రామ్, ఫెర్రీ, సెవెన్-ఇలెవెన్, బేకరీ, అన్నిచోట్లా ఇదే నడుస్తుంది. బస్సులో నోటు వేస్తే చిల్లర తిరిగి రాదు, అందుకే ఇది ముఖ్యం. విమానాశ్రయం నుంచి ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ రైలు 24 నిమిషాల్లో హాంకాంగ్ స్టేషన్‌కి చేరుస్తుంది. ఎ21 బస్సు నేథన్ రోడ్డు మీదుగా కౌలూన్‌లోకి, అంటే హాంకాంగ్ ద్వీపానికి ఎదురుగా ఉన్న ఒడ్డుకి వస్తుంది. దానికి గంట పైన పడుతుంది గానీ టికెట్టు రైలు ధరలో మూడో వంతు. సామాను పెట్టుకోవడానికి కింద అరలుంటాయి, పైఅంతస్తులో కూర్చుంటే ఊరంతా కనిపిస్తుంది. మొదటిసారి వెళ్లేవాళ్లకి నేను బస్సే చెబుతాను.

మెట్రోలో స్టేషన్ పేరు తెలిస్తే సరిపోదు, ఎగ్జిట్ నంబరు కూడా తెలియాలి. ఎ1, బి2, సి3, ఇలా అక్షరాలూ అంకెలూ ఉంటాయి. తప్పు ఎగ్జిట్‌లో పైకి వస్తే రోడ్డుకి అవతల తేలతారు. ఆ రోడ్డు దాటడానికి జీబ్రా క్రాసింగ్ ఉండకపోవచ్చు, ఫుట్‌బ్రిడ్జి వెతుక్కుంటూ పావుగంట పోతుంది. గేటు లోపలే గోడమీద మ్యాపు ఉంటుంది, అక్కడ ఒక్క నిమిషం ఆగి చూసుకుని బయటపడండి. ఇంకో సంగతి. ఈస్ట్ రైల్ లైన్‌లో ఫస్ట్ క్లాస్ పెట్టె ఒకటుంటుంది. ఖాళీగా ఉందని ఎక్కేస్తే జరిమానా. ప్లాట్‌ఫారం మీదున్న మిషన్ దగ్గర విడిగా కార్డు చూపించి ఎక్కాలి. రైళ్లలో తినడం, తాగడం కూడా నిషేధమే. పిల్లలకి మురుకుల ప్యాకెట్ విప్పేది స్టేషన్ బయటకు వచ్చాకే.

ఇక తిండి. ఇక్కడ వేళ చాలా ముఖ్యం. డిమ్ సమ్, అంటే చిన్న బుట్టల్లో, పళ్లేల్లో వచ్చే రకరకాల చిరువంటకాలు, పొద్దుటి పూట భోజనం. మధ్యాహ్నం మూడింటికల్లా చాలాచోట్ల ముగిసిపోతుంది. అక్కడి భాష కాంటనీస్‌లో దీన్ని యమ్ చా అంటారు. కూర్చోగానే ఏ టీ కావాలని అడుగుతారు. బో లేయ్ ముదురు రంగులో, మట్టివాసనతో, నూనె తిండికి సరిపోతుంది. తేలిగ్గా కావాలంటే జాస్మిన్. ఈ టీకి తలకి ఇంత అని బిల్లులో పడుతుంది, పైన 10 శాతం సర్వీసు చార్జీ. మొదటి విడత వేడి టీ తాగడానికి కాదు. బల్ల మీద పెద్ద గిన్నె పెడితే, కప్పులూ చాప్‌స్టిక్‌లూ ఆ టీతో కడిగి నీళ్లు అందులో పోస్తారు. చుట్టుపక్కల వాళ్లు ఎలా చేస్తున్నారో చూసి చేయండి. ఎవరైనా మీ కప్పులో టీ పోస్తే రెండు వేళ్లతో బల్లమీద చిన్నగా తట్టడం థాంక్స్ చెప్పినట్టు. కెటిల్‌లో నీళ్లు అయిపోతే పిలవక్కర్లేదు, మూత పక్కకు జరిపి పెడితే వాళ్లే వచ్చి నింపుతారు.

ఆర్డర్ ఇచ్చేది కాగితం మీద. వంటకాల పేర్లున్న పట్టీ, పెన్సిల్ ఇస్తారు, కావలసిన వాటి పక్కన గీత పెట్టాలి. బుట్టకి మూడు నాలుగు ముక్కలుంటాయి. ఇద్దరికి నాలుగైదు బుట్టలు చాలు. అన్నీ ఒకేసారి గీయకండి, మూడు తెప్పించుకుని తిన్నాక మళ్లీ పట్టీ అడగండి. ఆవిరి మీద వచ్చేవి వేడి తగ్గితే పైపొర గట్టిపడి, అడుగున అంటుకుని చిరిగిపోతుంది. హర్ గావ్‌లో రొయ్య ఉంటుంది. సియూ మాయ్ అంటే పందిమాంసం, చాలాచోట్ల రొయ్యతో కలిపి. చార్ సియూ బావ్ పందిమాంసం కూరిన బన్ను. పందిమాంసం తినని వాళ్లు ఈ రెండింటినీ ముందే గుర్తుపెట్టుకోవాలి.

శాకాహారుల సంగతేంటని ముందు వరసలో అడుగుతున్నారు. ఇది వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ దెబ్బ తగిలేది కంటికి కనబడని వాటితోనే. ముల్లంగి కేకు అని ఒకటి వస్తుంది, లో బాక్ గో. తెల్లగా, పెనం మీద కాల్చి, అచ్చం శాకాహారంలా ఉంటుంది. అందులో ఎండురొయ్యల పొడి, చైనా సాసేజ్ తురుము కలుపుతారు. ఉడికించిన ఆకుకూర అడిగితే పైన ఆయిస్టర్ సాస్, అంటే సముద్రపు గుల్లజీవితో చేసే సాసు, పోసి తెస్తారు. సాదా నూడుల్స్ అంటే మాంసం ముక్కలు లేకుండా మాంసం పులుసులో ఇస్తారు. బేకరీ పేస్ట్రీల్లో పందికొవ్వు ఉండొచ్చు, ముఖ్యంగా పొరలు పొరలుగా ఉండే ఎగ్ టార్ట్‌లో. బిస్కట్‌లా గుల్లగా ఉండే రకం పిండిలో సాధారణంగా వెన్న వాడతారు. "వెజిటేరియన్" అన్న ఇంగ్లీషు మాట విని చిన్న హోటల్ వాళ్లు తలూపుతారు, వాళ్లకు అర్థమయ్యేది కూరగాయలు కావాలని మాత్రమే. కాబట్టి "జాయ్" అనండి. బౌద్ధ శాకాహారానికి అక్కడ వాడే మాట అది. ఇంకా మంచిది, "మాంసం, చేప, రొయ్య, ఆయిస్టర్ సాస్, మాంసం పులుసు, పందికొవ్వు వద్దు" అని చైనీస్‌లో రాయించిన చీటీ ఫోన్‌లో ఫొటోగా పెట్టుకోండి. బౌద్ధ భోజనశాలల్లో ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు, అది పాటించే మన పెద్దవాళ్లకి ఇది పెద్ద ఊరట. డైమండ్ హిల్ మెట్రో స్టేషన్ దగ్గర నాన్ లియాన్ ఉద్యానవనంలో, చీ లిన్ సన్యాసినుల మఠం నడిపే శాకాహార భోజనశాల ఉంది. అలాంటి చోట్ల మెనూలో "బాతు", "బార్బెక్యూ పంది" అని కనిపిస్తే కంగారుపడకండి. సోయా పొరలతో, గోధుమ గ్లూటెన్‌తో చేసినవి అవి.

మన తిండి మీదే మనసు పోతే చిమ్ షా చూయ్‌లో నేథన్ రోడ్డు మీద చంకింగ్ మాన్షన్స్ ఉంది. 1961లో కట్టిన 17 అంతస్తుల భవనం, ఎ నుంచి ఇ వరకు ఐదు బ్లాకులు, బ్లాకుకి వేరే లిఫ్టులు. తప్పు బ్లాకు లిఫ్ట్ ఎక్కితే మీరు వెతికే హోటల్ ఎప్పటికీ రాదు, కాబట్టి బ్లాకు అక్షరం రాసుకోండి. కరెన్సీ మార్చుకోవడానికి గుమ్మం దగ్గరి కౌంటర్లు వదిలేసి లోపలికి వెళితే ధర మెరుగ్గా ఉంటుంది. వాన్ చాయ్‌లో క్వీన్స్ రోడ్ ఈస్ట్ మీద సిక్కు గురుద్వారా ఉంది, 1901లో మొదలైంది. తల కప్పుకుని, చెప్పులు విప్పి వెళ్లిన ఎవరికైనా లంగర్‌లో శాకాహార భోజనం ఉచితంగా పెడతారు.

మాంసాహారులకు ఒక్క గిన్నె గురించి చెప్పకుండా ఉండలేను, వాన్ టన్ నూడుల్స్. గిన్నె చిన్నది, చూసి తక్కువనుకోకండి. అడుగున చెంచా, దాని మీద పల్చటి పిండి రేకులో రొయ్య కూరిన నాలుగైదు వాన్ టన్‌లు, వాటిమీద నూడుల్స్, ఆ వరసలోనే పేరుస్తారు. కారణముంది. ఈ నూడుల్స్ బాతుగుడ్డుతో, క్షారపు నీళ్లతో పిసికిన సన్నటి తీగలు, పులుసులో మునిగితే రెండు నిమిషాల్లో మెత్తబడిపోతాయి. వాన్ టన్‌లు కింద మెట్టులా ఉండి వాటిని పైకి ఎత్తి పెడతాయి. ఎండబెట్టిన చేప వేసి కాచిన పులుసు అది. కాబట్టి ఫొటోలు తర్వాత, ముందు నూడుల్స్ తినండి. కొంచెం సున్నం రుచిలా అనిపిస్తే బల్లమీదున్న ఎర్ర వెనిగర్ నాలుగు చుక్కలు వేసుకుంటే పోతుంది.

మూడోది చా చాన్ తెంగ్, మన ఇరానీ కేఫ్ లాంటి చోటు. సాయంత్రం టీ సెట్ వేళ రెండింటి నుంచి ఐదున్నర దాకా, అప్పుడు ధర తక్కువ. ఇక్కడి మిల్క్ టీ పొడవాటి గుడ్డ సంచిలో ఆకు వేసి పదేపదే వడకట్టి, చిక్కటి ఇవాపరేటెడ్ పాలు కలిపినది, మన టీ కన్నా చిక్కన. ఐసు వేయమంటే రెండు మూడు డాలర్లు ఎక్కువ పడుతుంది. పైనాపిల్ బన్‌లో పైనాపిల్ ఉండదు, పైన పగిలిన చక్కెర పొర వల్ల వచ్చిన పేరు. కిటకిటలాడే వేళల్లో మీ బల్ల దగ్గరికే పరాయివాళ్లని తెచ్చి కూర్చోబెడతారు, అది అక్కడి పద్ధతి. టిష్యూలు ఇవ్వరు, ఒక ప్యాకెట్ జేబులో ఉంచుకోండి.

ఇప్పుడు నడక. ఒక్క పూట మాత్రమే ఉంటే కౌలూన్‌లో షామ్ షూయ్ పో అనే పేటకి వెళ్లమంటాను. మోంగ్ కాక్‌లో లేడీస్ మార్కెట్ వదిలేసినా నష్టం లేదు, ఆ సామాను మన దగ్గరా దొరుకుతుంది. షామ్ షూయ్ పో స్టేషన్‌లో బి2 ఎగ్జిట్ నుంచి బయటకొచ్చి, పదిగంటలకి మే హో హౌస్ మ్యూజియంతో మొదలుపెట్టండి, నడక పది నిమిషాల లోపే. సోమవారం మ్యూజియం సెలవు. 1953 డిసెంబరు 25 రాత్రి షెక్ కిప్ మే గుడిసెల్లో అగ్గిపడి దాదాపు 53 వేల మంది నిలువనీడ లేకుండా పోయారు. ఆ తర్వాతే ప్రభుత్వం పేదలకి బహుళ అంతస్తుల ఇళ్లు కట్టడం మొదలుపెట్టింది. 1954 నాటి ఆ తొలి బ్లాకుల్లో మిగిలినది ఇదే. హెచ్ అక్షరం ఆకారం, రెండు పొడుగు చేతుల్లో గదులు, మధ్య అడ్డంలో ఉమ్మడి స్నానాల గదులూ నీళ్ల కుళాయిలూ. 120 చదరపు అడుగుల గదిలో ఒక కుటుంబం. లోపల ఆ గదిని అప్పటిలాగే అమర్చి పెట్టారు. మంచం కింద పెట్టెలు, గోడకి మడిచే బల్ల. ఈ ఊరు ఇంత నిట్టనిలువుగా ఎందుకు పెరిగిందో ఆ గదిలో నిలబడితే తెలుస్తుంది. అందుకే ఈ నడకని ఇక్కడ మొదలుపెట్టమంటున్నాను.

బయటకొచ్చి పే హో వీధి వైపు దిగండి. కూరగాయలు, చేపలు, పళ్లు, తొట్టెల్లో బతికున్న రొయ్యలు. దారి తడిగా ఉంటుంది, పట్టున్న చెప్పులు వేసుకోండి. ఆ వీధిలోనే కుంగ్ వో అనే సోయా దుకాణంలో టోఫూ పాయసం తినొచ్చు. ముద్ద కదిలితే వణికేంత మెత్తగా ఉంటుంది, పైన పంచదార చల్లుకోవాలి. శాకాహారులకి నిశ్చింత. అదే కొట్లో వేయించిన టోఫూలో మాత్రం చేప ముద్ద ఉంటుంది. క్వేలిన్ వీధికి వెళితే హాప్ యిక్ టాయ్‌లో చ్యోంగ్ ఫన్, బియ్యప్పిండి రేకుని చుట్టి కత్తెరతో కత్తిరించి ఇస్తారు. లోపల ఏమీ ఉండదు, సోయా, తియ్య సాసు, నువ్వుల ముద్ద మీరే వేసుకోవాలి. క్యూ ఉంటుంది గానీ త్వరగా కదులుతుంది.

పన్నెండు దాటాక అప్లియూ వీధి నిండుతుంది. ఎలక్ట్రానిక్ విడిభాగాలు, పాత రేడియోలు, టార్చిలైట్లు, కేబుళ్లు. అక్కడ కొన్నది పనిచేస్తుందో లేదో అక్కడే పెట్టి చూడండి, వారంటీ అనేదుండదు. మన ప్లగ్గులు పట్టవు, మూడు చదరపు పిన్నులున్న అడాప్టర్ కావాలి, అది ఈ వీధిలోనే చవక. కుట్టుపని తెలిసినవాళ్లు కీ లుంగ్ వీధిలో గుండీలూ బట్టలూ, యూ చౌ వీధిలో పూసలూ, నామ్ చ్యోంగ్ వీధిలో రిబ్బన్లూ చూడండి. ఒక్కో కొట్టు ఒక్క వస్తువుకే అంకితం. టోకు వ్యాపారం కాబట్టి ఒక్కటివ్వమంటే కొందరు ఒప్పుకోరు.

హాంకాంగ్ ద్వీపంలో నడకకి ఎత్తు లెక్క ఉపయోగపడుతుంది. సెంట్రల్ అనే పేటలోని సెంట్రల్ మార్కెట్ నుంచి కొండవాలు మీదున్న మిడ్-లెవెల్స్ వరకు 1993లో పెట్టిన ఎస్కలేటర్ల వరస ఉంది. పొడవు 800 మీటర్లు, ఎత్తు 135 మీటర్లు. పొద్దున ఆరు నుంచి పది దాకా కిందికే నడుస్తుంది, పది తర్వాత అర్ధరాత్రి దాకా పైకే. పదిన్నరకి వెళితే మోకాళ్లకి శ్రమ లేకుండా హాలీవుడ్ రోడ్డు చేరతారు. పాత పోలీసు స్టేషన్, జైలు కలిపి బాగుచేసిన తాయ్ క్వున్ అక్కడే, ప్రవేశం ఉచితం. అక్కణ్నుంచి పడమరగా వెళితే 1847 నాటి మాన్ మో గుడి, పైకప్పుకి వేలాడే అగరు చుట్లతో. బూడిద రాలుతుంది, తల మీద చూసుకోండి. అక్కడి నుంచి షియోంగ్ వాన్‌కి అంతా దిగుడే. కింద ఎండుచేపల కొట్ల వీధి చూసి, తిరుగు ప్రయాణానికి ట్రామ్ ఎక్కండి. ట్రామ్‌లు 1904 నుంచి నడుస్తున్నాయి, ఇప్పుడున్నవి డబుల్ డెక్కర్లు. వెనకనుంచి ఎక్కి, ముందునుంచి దిగేటప్పుడు కార్డు చూపించాలి, ఎంత దూరమైనా ఒకటే చార్జీ, మూడు డాలర్ల పైచిలుకు. దిగడానికి రెండు స్టాపుల ముందే మెట్లు దిగి ముందుకు రండి, లేకపోతే జనంలో చిక్కుకుంటారు. ఆదివారమైతే సెంట్రల్‌లో ఫిలిప్పీన్స్ నుంచి వచ్చి ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు వేలమంది అట్టలు పరుచుకుని కూర్చుంటారు. వాళ్లకి వారానికి దొరికే ఒక్క సెలవు రోజు అది. వాళ్లలో చాలామందికి ఉంటున్న ఇంట్లో సొంత గది ఉండదు, అడక్కుండా ఫొటోలు తీయకండి.

కౌలూన్‌కీ హాంకాంగ్ ద్వీపానికీ మధ్య సముద్రం దాటడానికి స్టార్ ఫెర్రీ. ఈ పడవల సర్వీసు మొదలుపెట్టింది దొరాబ్జీ నౌరోజీ అనే పార్సీ. పది నిమిషాల లోపు ప్రయాణం, చీకటి పడుతుండగా చిమ్ షా చూయ్ నుంచి సెంట్రల్ వైపు వెళ్లండి. ద్వీపం మీదున్న పీక్ అనే కొండ గురించి రెండే మాటలు. సెంట్రల్ నుంచి 15 నంబరు బస్సు కొండెక్కుతుంది. పైన టికెట్టు కొని వ్యూయింగ్ డెక్ ఎక్కక్కర్లేదు. లుగార్డ్ రోడ్డు మీద పావుగంట నడిస్తే అంతకన్నా మంచి దృశ్యం ఉచితం. పూర్తి చుట్టు సుమారు మూడున్నర కిలోమీటర్లు, దాదాపు చదును.

ఇక ఊరి బయటి రోజులు. లాంటావ్ ద్వీపానికి తుంగ్ చుంగ్ మెట్రోలో దిగి, 5.7 కిలోమీటర్ల కేబుల్ కారులో 25 నిమిషాలు. టికెట్ ముందే కొనండి. నిర్వహణ కోసం మూసే రోజులుంటాయి, గాలి ఎక్కువైతే ఆపేస్తారు, ఆ రోజు 23 నంబరు బస్సే దిక్కు. మలుపులకి కడుపు తిప్పేవాళ్లు మాత్ర వేసుకోవాలి. పైన 34 మీటర్ల కంచు బుద్ధుడు, 1993లో ప్రతిష్ఠించారు, 268 మెట్లు. పక్కనే పో లిన్ మఠంలో శాకాహార భోజనం. చాలామంది అక్కణ్నుంచి వచ్చిన దారినే వెనక్కి తిరుగుతారు, అలా చేయకండి. 21 నంబరు బస్సులో తాయ్ ఓ వెళ్లండి, నీళ్లలో గుంజల మీద కట్టిన జాలరి ఇళ్లున్నాయి. రొయ్యల ముద్ద ఘాటు వాసనకి సిద్ధపడండి. అక్కణ్నుంచి 1 నంబరు బస్సులో ముయ్ వో, అక్కడ ఫెర్రీ ఎక్కితే సెంట్రల్. పొద్దున తొమ్మిదిన్నరకి మొదలైతే సాయంత్రానికి చుట్టు పూర్తి. ఆదివారం ఈ ద్వీపంలో బస్సు చార్జీలు ఎక్కువ, జనమూ ఎక్కువే.

నడక ఇష్టమైతే డ్రాగన్స్ బ్యాక్ అనే కొండగట్టు దారి. షావ్ కే వాన్ మెట్రో నుంచి 9 నంబరు బస్సెక్కి తో తే వాన్‌లో దిగి, బిగ్ వేవ్ బే దాకా 8.5 కిలోమీటర్లు. గట్టు మీద నీడ లేదు, మనిషికి లీటరున్నర నీళ్లు కావాలి, మధ్యలో కొట్టు ఉండదు. అక్టోబరు నుంచి డిసెంబరు దీనికి మంచి కాలం. మే నుంచి సెప్టెంబరు మధ్య ఎండా, ఉక్కా, వానా అన్నీ కలిసొస్తాయి.

చిన్నపిల్లలుంటే లామా ద్వీపం. సెంట్రల్ నాలుగో పియర్ నుంచి యుంగ్ షూ వాన్‌కి అరగంట పడవ, అక్కణ్నుంచి సోక్ క్వూ వాన్ దాకా సిమెంటు దారిలో ఐదు కిలోమీటర్లు, తింటూ ఆగుతూ రెండున్నర గంటలు. ద్వీపంలో కార్లు లేవు. చివర సముద్రపు చేపల హోటళ్లుంటాయి, అక్కడ ధర కిలోకి కాదు, కాటీకి, అంటే సుమారు 600 గ్రాములకి. చేపని చూపించి, తూయించి, వండినందుకు కలిపి మొత్తం ఎంతో కాగితం మీద రాయించుకున్నాకే సరేననండి. సోక్ క్వూ వాన్ నుంచి తిరుగు పడవలు తక్కువ. దిగిన వెంటనే పియర్ మీదున్న టైం టేబుల్ ఫొటో తీసుకుని ఆ లెక్కన భోజనం ముగించండి.

ద్వీపాలకి వెళ్లే రోజు పొద్దున వాతావరణ కేంద్రం వారి మై అబ్జర్వేటరీ యాప్ చూడాలి. తుపాను సంకేతం 1 ఉంటే వెళ్లొచ్చు. 3 ఎగరేస్తే ద్వీపాలూ కొండలూ మానుకుని ఊళ్లో ఉండండి, అప్పటికే ద్వీపంలో ఉంటే తర్వాతి పడవకే తిరిగి రండి. 8 పెడితే ఫెర్రీలు, బస్సులు ఆగిపోతాయి, దుకాణాలు మూస్తారు. 8 ఎగరేయడానికి రెండు గంటల లోపు ముందుగా హెచ్చరిక ఇస్తారు. ఊరంతా ఒక్కసారి ఇళ్లకి బయల్దేరేది అప్పుడే, కాబట్టి ఆ హెచ్చరిక వచ్చాక కదులుదామనుకుంటే పడవలో చోటు దొరకదు. వానకి పసుపు, ఎరుపు, నలుపు హెచ్చరికలు వేరే ఉంటాయి. నలుపు వచ్చిందంటే ఎక్కడున్నారో ఆ భవనంలోనే ఆగిపోండి. హోటల్ గదిలో రెండు పూటలకి సరిపడా తిండి, నీళ్లు ముందే కొని పెట్టుకుంటే ఆ రోజు ఇబ్బంది ఉండదు.